లిస్సోయి గ్రామ పానశాల: దాని చరిత్రమును జీర్ణోద్ధారణమును

ఆంగ్లభాషలో గ్రంథరచన చేసిన కవులలో ఆలివర్ గోల్డుస్మిత్తు ఆంధ్రులకు జిరపరిచితుడు. శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878వ సంవత్సరమున వివేకవర్ధనిలో బ్రకటింప నారంభించి 1880లో గ్రంథరూపమున వెలువరించిన రాజశేఖర చరిత్రమునకు గోల్డుస్మిత్తుయొక్క ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ ప్రేరకమైన సంగతి సర్వవిదితము. ఆ తెలుగు నవల 1887లో హచిన్సను అను నాంగ్లేయునిచే ‘ఫార్ట్యూన్స్ వీల్’ అను పేర మరల నాంగ్లమునకు బరివర్తితమై లండనులో నచ్చుపడెను. రాయప్రోలు సుబ్బారావుగారి ‘లలిత’కును మూలము గోల్డుస్మిత్తుని యొక చిన్న కావ్యమే. ఇట్టి కవియొక్క ప్రధాన కావ్యమగు ‘డిజర్టెడ్ విలేజి’ (పరిత్యక్త గ్రామము) 1770వ సంవత్సరము మే నెలలో బ్రకటితమయ్యెను. అందు వర్ణితమైన గ్రామ పానశాలకు స్థానమని లోకము నమ్మిన యొక యిల్లు ఐర్లాండు దేశమున లిస్సోయి యను పల్లెయందుండెను. ఆ యిల్లు పాడుపడి, కావ్యము ప్రసిద్ధినందిన పిమ్మట నా కావ్యము ననుసరించియే మరల గట్టబడినది. కావ్యమును జూచి కట్టిన యా కట్టడమునకు జను లానందింపవలసి యుండగా, చూచినవారిలో బలువురు నిరాశులైరి. ఆ నిరాశకు గారణమేమి? కట్టినవాని లోపమా, కావ్యముయొక్క స్వభావమా, లేక పోయినదానిని మరల దెచ్చుటయందే యేదియైన నసాధ్యత కలదా? ఈ ప్రశ్న యొక్క పల్లెకు మాత్రమే సంబంధించినది కాదు. పురాతన కట్టడముల నుద్ధరింప బూనిన వారెల్లరును దీని నెదుర్కొనవలసినవారే.

మొదట బేళ్లను గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆంగ్లదేశమున బూర్వము బాటసారుల కుపయోగపడు గృహములు మూడు తెఱగులు. ‘ఇన్’ అనునది రాత్రి బసయు, భోజనమును, గుఱ్ఱములకు మేతయు నిచ్చు స్థానము. మన పూటకూళ్ల యింటికిని సత్రమునకును నడుమ నుండునది. ‘టావెర్న్’ అనునది ద్రాక్షాసవము నమ్ము పట్టణపు బానశాల. ‘ఏల్‌హౌస్’ అనునది యవలతో గాచిన ‘ఏల్’ అను యవసుర నమ్ము చిన్న యిల్లు. ఈ మూడవదియే పల్లెవారిది. యజమానుడును వాని భార్యయు దమ కాపురమున్న యింటి ముందుగదిలోనే సుర నమ్ముచుండిరి. 1552వ సంవత్సరపు శాసనముచే నింగ్లండునందు ఏల్‌హౌసు పెట్టదలచినవాడు న్యాయాధికారుల యనుమతి పొంది, సద్వర్తనమునకు బూచీయీయవలసివచ్చెను. ‘పబ్లిక్ హౌస్’ అను పదమును, దాని సంక్షేపరూపమగు ‘పబ్’ అనునదియు దరువాత వ్యాప్తికి వచ్చినవి. పేరు మాఱినను పల్లెయందు దాని పని మాఱలేదు. పగటి పని ముగించినవారు కూర్చుండుటకును, వార్తలు వినుటకును, ఋతువును ధరలను రాజకార్యములను జర్చించుటకును నదియే చోటు. తెలుగు పల్లెకు రచ్చబండ యెట్టిదో, ఆ పల్లెల కా గది యట్టిది.

గోల్డుస్మిత్తు 1728 ప్రాంతమున లాంగ్‌ఫర్డు మండలమున బాలిమహన్ చెంతనున్న పాలస్ అను కుగ్రామమున జన్మించెను. తండ్రి చార్లెస్ గోల్డుస్మిత్తు క్రైస్తవ మతాచార్యుడు. 1730లో నాయనకు గిల్కెన్నీ వెస్టు అను దేవాలయపు బదవి లభింపగా గుటుంబము వెస్ట్‌మీత్ మండలమునందలి లిస్సోయికి వచ్చెను. ఇది అత్‌లోన్ పట్టణమునుండి బాలిమహనునకు బోవు బాటపై నున్నది. కవియొక్క బాల్యమంతయు నిచటనే గడచెను. స్పెయిను యుద్ధములలో బనిచేసి వచ్చిన థామస్ బర్న్ అను నుపాధ్యాయు డాతనికి జదువుకంటె మిక్కుటముగా గథలు చెప్పెను. 1747లో దండ్రి మరణించెను. తల్లి బాలిమహనునకు మకాము మార్చెను. డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో బట్టము పొందివచ్చిన గోల్డుస్మిత్తు రమారమి రెండు సంవత్సరము లే యుద్యోగమును లేక యా ప్రాంతముననే కాలము గడపెను. బాలిమహనులో జార్జి కాన్వే యను వాని పూటకూళ్ల యింట మిత్రులతో గూడి పాటలు పాడుచు, గథలు చెప్పుచు, వేణువు నూదుచు నుండెనని జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. బంధువుల దృష్టిలో నది వ్యర్థకాలము. కాని కవి దృష్టిలో నది జీవితమున మరల రాని సుఖకాలము. 1752లో వైద్యవిద్యకై యెడింబరో నగరమునకు బయనమై పోయిన యాతడు మరల నైర్లాండున నడుగు పెట్టలేదు. 1774వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదిన లండనులో మరణించెను.

ఇక గావ్యమునందలి పానశాల. కవి దానికి బేరు పెట్టలేదు. ఒక ముండ్లచెట్టు చెంత, బాటసారుల కన్నుల కగుపడునట్లు పైకెత్తిన గుఱుతుకంబముతో నది యుండినదనియు, ఇప్పు డది కూలిన దనియు జెప్పి, పిదప దానిని మనసున మరల నిలువబెట్టును. ఆ వర్ణనము స్పష్టముగా రెండు భాగములు. మొదటి భాగము సామగ్రి: సున్నము కొట్టిన గోడ, యిసుక చల్లిన నేల, తలుపు వెనుక మెఱుగు పెట్టిన గడియారము, రాత్రి పడకయు బగలు బట్టల పెట్టెయు నగు నొక బల్ల, గోడపై బటములు, పండ్రెండు సూత్రముల పత్రము, బాతుల ఆట పలక, వేసవిలో గొమ్మలతో బూవులతో నలంకరించిన పొయ్యి, దానిపై వరుసగా బేర్చిన పగిలిన తేనీటి గిన్నెలు. రెండవ భాగము మనుష్యులు: రైతు తెచ్చు వార్త, మంగలి చెప్పు కథ, కట్టెలు గొట్టువాని పాట, పనిని వదలి కండలు సడలించి వినుటకు వ్రాలు కమ్మరి, గిన్నె నురుగుతో నింపి యందఱకు నందునట్లు చూచుకొను యజమానుడు. వీరెవ్వరు నిక రారని కవి యొక్కొకనిని బేర్కొని చెప్పును. సామగ్రిని వర్ణించునప్పుడు కవి చిఱునవ్వు నవ్వుచున్నాడు. మనుష్యులను బేర్కొనునప్పు డా చిఱునవ్వు లేదు. ఈ భేదమును మఱువరాదు. జీర్ణోద్ధారణముయొక్క గుణదోషములన్నియు దీనియందే యిమిడియున్నవి.

పండ్రెండు సూత్రములన 1649లో శిరచ్ఛేదమునొందిన మొదటి చార్లెసు రాజు వ్రాసినవని ప్రసిద్ధిగాంచిన నీతివాక్యముల పత్రము. ఇది యొకవైపున నచ్చొత్తబడి యాంగ్లదేశపు బానశాలల గోడలపై విరివిగా నుండెను. అందలి నిషేధములలో నితరుల నారోగ్యపానమునకు బలవంతపెట్టకుండుట, రాజ్యకార్యముల జోలికి బోకుండుట, పాత యన్యాయములను మరల మరల జెప్పకుండుట యను నవి కలవు. సురాపానమును, రాజకార్యచర్చయు, గష్టసుఖముల ముచ్చటయు దప్ప వేఱు పనిలేని గదిలో నీ పత్రము వ్రేలాడుట కవికి నవ్వు పుట్టించినది కాబోలు. అంతేకాక పోయిన యన్యాయమును మరల జెప్పుటయే యా కావ్యముయొక్క ప్రయోజనము. బాతుల ఆట యన నఱువదిమూడు గడులుగల సర్పిలాకారపు బలకపై బాచికలు వేసి యాడునది. మన వైకుంఠపాళికి దూరపు జుట్టము. తేనీరు వెలగలదై యున్న కాలమున బగిలిన గిన్నెను బాఱవేయక పొయ్యిపై నుంచుట యా యింటి గౌరవమునకు జిహ్నము.

ఈ సామగ్రి లిస్సోయిలో గవి చూచినదేనా? దీనిని విచారించిన నొక విశేషము తేలును. 1759లో గోల్డుస్మిత్తు లండనునుండి తన యన్న హెన్రీకి వ్రాసిన లేఖలో దాను దలపెట్టిన యొక హాస్యకావ్యమునుండి కొన్ని పంక్తులు చేర్చెను. ఆ కావ్యనాయకుడు దరిద్రుడగు కవి. నీచమగు నొక పానశాల గదిలో బండుకొనియుండును. ఆ గదిలో నిసుక నేలయు, బాతుల ఆటయు, రాజు వ్రాసిన పండ్రెండు సూత్రములును గలవు. 1760లో జీనాదేశీయుని లేఖలను పేర వార్తాపత్రికలో బ్రకటించిన వ్యాసములయం దా పంక్తులనే సవరించి మరల వాడెను. అందు బొయ్యిపై బగిలిన తేనీటి గిన్నెలును గలవు. అనగా గావ్యమున మనోహరమైన సామగ్రియంతయు బదిసంవత్సరములకు బూర్వము లండను దారిద్ర్యమునకు జిహ్నముగా నాతని కలముననే యుండెను. అవే వస్తువులు; అదే నేల; అవే గిన్నెలు. మొదట నవి యద్దె చెల్లింపలేనివాని గదిలో నుండి నీచములుగా దోచినవి. పిదప స్నేహితులు కూర్చున్న గదిలో నుండి ప్రియములుగా దోచినవి. వస్తువులకు మాధుర్యము స్వతస్సిద్ధముగా లేదనుటకు గవియే సాక్షి.

1856లో మెకాలే ఈ కావ్యమునందలి దోష మొకటి యెత్తిచూపెను. సుఖదశయందున్న యా గ్రామము నిజమైన యాంగ్ల గ్రామమనియు, నాశదశయందున్న యా గ్రామ మైర్లాండు గ్రామమనియు, ఈ రెండు నొకదేశమున నొకగ్రామమున గలియనేరవనియు నాతని వాదము. సామగ్రిని గూర్చిన పై విచార మీ వాదమునకు గొంత బలము చేకూర్చుచున్నది. కాని కవి తన కావ్యమును భూగోళగ్రంథముగా వ్రాయలేదు. తాను బెరిగిన పల్లెయం దెఱిగిన మనుష్యులను, దరువాత దేశాటనమున జూచిన గృహములను నొక్క చోట గూర్చెను. కావుననే ‘ఇదియే యా యిల్లు’ అని యొకదానిని జూపుట మొదటినుండియు జిక్కుతో గూడినది.

అయినను లిస్సోయి ప్రజలకు స్థలనిశ్చయమున సందేహము లేకుండెను. అన్నెస్లీ స్ట్రీన్ అను మతాచార్యుడు కవియన్నయగు హెన్రీ తరువాత గిల్కెన్నీ వెస్టున బనిచేసినవాడు. ఈతడు 1807లో వ్రాసిన లేఖ మరుసటి సంవత్సరమున ఎడ్వర్డు మాంజిన్ గ్రంథమున బ్రకటితమయ్యెను. దాని ప్రకారము రాబర్టు నేపియర్ అను సేనాని లిస్సోయి చుట్టునున్న విశాల భూభాగమును గొని, తన యుద్యానమునకై యనేక కుటుంబముల నచ్చటనుండి తొలగించెను. వారు దేశాంతరములకు బోయిరి. గుంటలలో గూరాకు నేఱుకొని బ్రతుకు వృద్ధురాలని కావ్యమున వర్ణితయగునది కాతరిన్ గెరాటి యను నామెయేయని కూడ స్ట్రీన్ వ్రాసెను. కావ్యమునందలి యాచార్యునియందు హెన్రీ లక్షణములను, గొండమీది దేవాలయమును, మరను, ముండ్లచెట్టును నాతడు గుర్తించెను. 1811లో కేంబ్రిడ్జికి జెందిన ఆర్. హెచ్. న్యూవెల్ అను పండితుడు గోల్డుస్మిత్తు కావ్యములను లిస్సోయి దృశ్యముల చిత్రములతో బ్రకటించి, కావ్యస్థల మిదియేయని నిరూపింప యత్నించెను. అప్పటికి గవి పెరిగిన యాచార్యగృహము కప్పులేని గోడలుగా నిలిచియుండెను.

ఇంక బునర్నిర్మాణము. 19వ శతాబ్దపు బూర్వభాగమున గెప్టెన్ హోగన్ అను సద్గృహస్థు డా ప్రాంతమున స్థిరపడెను. ఆతడు కవియం దపారమగు నభిమానము కలవాడు. లిస్సోయికి గావ్యమునందలి ‘ఆబర్న్’ అను పేరు వ్యాప్తి కెక్కెను. హోగన్ పానశాలను మరల గట్టించి, ‘త్రీ జాలీ పిజియన్స్’ అనగా ‘ముగ్గురు ముచ్చట పావురములు’ అను పేరి ఫలకమును వ్రేలగట్టించెను. గోడలకు సున్నము కొట్టించెను. బాతుల ఆట పలకను సంపాదించెను. పండ్రెండు సూత్రముల పత్ర మైర్లాండున దొరకక మిక్కిలి శ్రమపడి, తుదకు లండనులో బాతపుస్తకముల యంగడిలో గొని తెప్పించెనని చెప్పుదురు. ముండ్లచెట్టు చుట్టును రక్షణకై గోడ కట్టించెను. పొయ్యిపై బగిలిన తేనీటి గిన్నెలను నిలిపెను. కాని చూడవచ్చినవారు వానిని జ్ఞాపకచిహ్నములుగా నెత్తుకొనిపోకుండునట్లు సున్నపుటడుసులో బాతించెనని యాత్రికుల వలన వినవచ్చుచున్నది.

కట్టడము కావ్యమునకు బూర్తిగా సరిపోయినది. అయినను వచ్చిన వారికి దృప్తి కలుగలేదు. ఆ లోపముల నొక్కొక్కటిగా బరిశీలింపదగును.

మొదటిది పేరు. కావ్యమున బానశాలకు బేరు లేదని యిదివఱకే చెప్పబడినది. ‘త్రీ జాలీ పిజియన్స్’ అను పేరు 1773వ సంవత్సరము మార్చి 15వ తేదిన లండనులో బ్రదర్శితమైన ‘షీ స్టూప్స్ టు కాంకర్’ అను గోల్డుస్మిత్తు ప్రహసనములోనిది. అందు టోనీ లంప్కిన్ అను నల్లరి చిన్నవాడు మిత్రులతో ద్రాగి పాడు పానశాల పేరది. నాటకరంగమున నీ పేరు మిక్కిలి పురాతనము. లండనునకు బడమట బ్రెంట్‌ఫర్డున ‘త్రీ పిజియన్స్’ అను పూటకూళ్ల యిల్లు ప్రసిద్ధమై యుండి, 1610వ సంవత్సరపు బెన్ జాన్సను నాటకమునందే ప్రస్తావింపబడెను. ఒక కావ్యమునుండి గోడలను, ఒక ప్రహసనమునుండి ఫలకమును దెచ్చి హోగన్ యొక యింటికి గూర్చెను. పిమ్మట నా పేరు నిజముగా బురాతనమైనదనియే జనులు నమ్మజొచ్చిరి. 20వ శతాబ్దమునను నా బాటపై నా పేరిటి పానశాల యుండెను. నాటకమున బుట్టిన పేరు నేలపై స్థిరపడినది.

రెండవది ముండ్లచెట్టు. కావ్యమున దాని క్రింద వృద్ధులు కూర్చుండి ముచ్చటలాడుదురు. యౌవనవంతులు మనసు విప్పి చెప్పుకొందురు. చుట్టును గోడ కట్టిన పిదప దానిక్రింద నెవ్వరును గూర్చుండజాలరు. గోడ కట్టక తప్పినదా? తప్పలేదు. కవియభిమానులు దానిని ముక్కలు ముక్కలుగా గోసి, పండ్లుకుట్టు పుల్లల పెట్టెలకును బొగత్రాగు సాధనములకును వాడుకొనిరని సర్ వాల్టర్ స్కాట్ పరిహసించెను. బెస్టు అను మతాచార్యుడు చెప్పిన కథ యొకటి కలదు. ఆర్డా ప్రాంతపు బిషపగు బ్రాడీ యొకప్పు డా దారిని గుఱ్ఱముపై బోవుచు, బాట కడ్డముగా బెరిగిన యీ చెట్టును గొట్టింతునని పలుకగా, అది గోల్డుస్మిత్తు చెట్టని బెస్టు చెప్పెనట. వెంటనే యా బిషపు దాని కొమ్మను నఱకువానికి గీడగునని శపించెనట. గొడ్డలినుండి బిషపు కాపాడెను. భక్తులనుండి కాపాడువాడు లేకపోయెను. 1849లో గవి జీవితచరిత్రమును బ్రకటించిన వాషింగ్టను ఇర్వింగు, ఆ చెట్టు వేళ్లతో గూడ జ్ఞాపకచిహ్నములై పోయినదని వ్రాసెను.

మూడవది గిన్నెలు. కావ్యమున బగిలిన గిన్నెలు పేదయింటి చిన్న డాబు. యజమానురా లవి పోగొట్టుకొనలేక యుంచుకొన్నది. హోగన్ యింట నవి యెవ్వరును ముట్టకుండ నడుసులో బిగింపబడినవి. అచట డాబును లేదు, పేదఱికమును లేదు; దొంగలభయ మొక్కటియే కలదు. ఒక చిన్న వస్తువు తన యర్థమును బూర్తిగా గోల్పోవుట కింతకంటె నుదాహరణ మక్కఱలేదు.

నాలుగవది యన్నిటికంటె ముఖ్యము. హోగన్ కావ్యవర్ణనమునందలి మొదటి భాగమును విలకు గొనగలిగెను. రెండవ భాగము విలకు దొరకునది కాదు. రైతును, మంగలిని, కట్టెలవానిని, గమ్మరిని లండను యంగడిలో గొనుటకు వీలులేదు. వారి సంతతివారు నేపియర్ సేనాని కాలముననే సముద్రము దాటిరి. వారు కూర్చుండిన చోట నిపుడు పుస్తకము చేతబట్టిన యాత్రికులు కూర్చుండి, గోడపై నేది కావ్యమున నున్నదో యేది లేదో సరిచూచుకొనుచుండిరి. పల్లెవారికై పుట్టిన గది పల్లెను జూడవచ్చిన వారికై మాఱెను. దానిలోనికి వచ్చువాడు దప్పిక తీర్చుకొనుటకు గాక వర్ణనమును బరీక్షించుటకు వచ్చెను. పరీక్షయం దంతయు సరిపోయినను మనసు నిండలేదన్నచో నాశ్చర్యమేమి?

ఐదవ యంశ మొకటి కలదు. కావ్యమునందలి కల్పితగృహ మంత శ్రద్ధతో లేవనెత్తబడగా, కవి నిజముగా బెరిగిన యాచార్యగృహము పాడుగోడలుగానే మిగిలెను. హెన్రీ దీనులకు నన్నము పెట్టిన యిల్లును, బర్న్ ఉపాధ్యాయుని పాఠశాలయు నట్లు మరల లేవలేదు. యాత్రికు డడుగునది పుస్తకమునందలి యిల్లే. జీవితమునందలి యిల్లు గాదు. అడిగిన దానినే యుద్ధరించుట లోకస్వభావము.

అయినను హోగనును వట్టి వేషధారిగా దలచుట న్యాయము కాదు. ఆతనికి లాభాపేక్ష యుండినట్లు గానరాదు. ఆతడు చేయకున్నచో నా చోట నేదియు నుండకపోయెడిది. అంతేకాక యీ విషయమున గోల్డుస్మిత్తే యొకప్పు డాతని పక్షమున నిలిచినట్లు చెప్పవచ్చును. 1760లో నాతడు ఈస్ట్‌చీపు నందలి ‘బోర్స్ హెడ్’ అను పానశాలను గూర్చి యొక వ్యాసము వ్రాసెను. షేక్స్పియరు నాటకములలో ఫాల్‌స్టాఫు త్రాగిన చోటదియని ప్రతీతి. గోల్డుస్మిత్తు ఆ గదియందే కూర్చుండి, పొయ్యి చెంత నిద్రలోనికి జాఱగా, నాటకమునందలి యజమానురాలు ప్రత్యక్షమై యా యింటి పూర్వకథలు చెప్పినట్లు కల్పించెను. కాని నిజమునకు బాత పానశాల 1666వ సంవత్సరపు లండను మహాగ్నిలో దగ్ధమయ్యెను. గోల్డుస్మిత్తు కూర్చున్నది పిదప గట్టిన కొత్త యిల్లు. కొత్త యింటిలో గూర్చుండియు నాతడు పాత కాలమును గాంచెను. ఆ స్వప్నమున నాతనికి గలిగిన బోధ యేమన, పూర్వకాల మిప్పటికంటె మేలైనది కాదు, మనుష్యు లెల్లకాలమున నొక్కరీతివారే యని. పోయినదానికై విలపించుటలో నింత ప్రసిద్ధుడైన కవి, పదిసంవత్సరములకు ముందు, పోయినది గొప్పది కాదని వాదించుట గమనింపదగినది.

అట్లయినచో నీస్ట్‌చీపునందలి కొత్త యిల్లు కవిని దృప్తిపఱచుటయు, లిస్సోయి కొత్త యిల్లు యాత్రికులను నిరాశపఱచుటయు నేల? భేద మిది. బోర్స్ హెడ్‌ను మరల గట్టినవారు నాటకమును జూచి కట్టలేదు. నగరమున ద్రాగువా రుండిరి గనుక గట్టిరి. ఆ గదిలో గోల్డుస్మిత్తు చుట్టును నిజమైన త్రాగుబోతులును, నిజమైన యజమానుడును నుండిరి. ఇల్లు కొత్తదైనను వాడుక పాతది. లిస్సోయిలో నిల్లు పాత రూపమున నుండెను, వాడుకయే కొత్తది. కట్టడమునకు బ్రాణము రూపమునందు గాక వాడుకయం దుండుననుట కీ రెండిండ్లును జాలిన నిదర్శనములు.

ఈ విషయము గోల్డుస్మిత్తుతో ముగిసినది కాదు. 1960వ సంవత్సరము తరువాత నింగ్లండునందు బెద్ద సురావ్యాపార సంఘము లనేక గ్రామ పానశాలలను గొని, లోపలి యడ్డుగోడలను దీసి, యన్నిటిని నొక్కతీరుగా మార్చినపుడు ప్రజ లదేవిధముగా వగచిరి. 1971లో నిజమైన ఏల్‌ను గాపాడుటకై యొక వినియోగదారుల సంఘ మేర్పడి, తరువాత మాఱని లోపలిభాగములు గల పానశాలల పట్టికను గూడ సిద్ధపఱచెను. మఱియొకవైపున 1990 తరువాత డబ్లినునుండి యైర్లాండు పానశాలల సామగ్రి, అనగా బల్లలు, పలకలు, పాత సీసాలు, ఫలకములు, పెట్టెలలో నమర్చి దేశదేశములకు నెగుమతియగుచు వచ్చెను. హోగన్ లండనునుండి యైర్లాండునకు దెప్పించుకొన్నాడు; వీరైర్లాండునుండి లోకమునకు బంపుచున్నారు. మార్గము తిరుగబడినది గాని పద్ధతి యదియే. తమ కాలమునకు సరిపోవునట్లు పాతదానిని జెఱుపుట యొక దోషము. పాతదాని పటమును మాత్రము నిలుపుట రెండవ దోషము. మొదటిదానిలో రూపము పోవును, రెండవదానిలో జీవము పోవును.

కాబట్టి లిస్సోయి కథవలన దేలునది యిది. పానశాల కూలుటకు గారణము గోడలు బలహీనమగుట కాదు. దానిలో గూర్చుండువారిని భూమినుండి తొలగించుట. కారణము భూమియందుండగా నౌషధమును గోడలకు బూసిరి. హోగన్ శ్రమయం దిసుమంతయు గపటము లేదు. కాని యాతడు చదివిన కావ్యమునే యాతడు సగము చదివెను. సామగ్రిని వర్ణించిన పంక్తులను గ్రహించి, మనుష్యులను బేర్కొన్న పంక్తులను వదలెను. కవి వగచినది గిన్నెలకై కాదు. ఆ గిన్నెలను జూచి నవ్వుకొనుచు దినాంతమున నా గదిలో గూర్చుండిన కమ్మరికై, కట్టెలవానికై, రైతునకై వగచెను. వారికి మరల జోటు కల్పింపగలిగిన నిల్లు పూరిపాకయైనను జాలును. వారు లేని యింటికి లండనునుండి యెన్ని పత్రములు తెచ్చి తగిలించినను, అది కావ్యమునకు వ్యాఖ్యానము కావచ్చును గాని గ్రామమునకు బానశాల కాజాలదు.